పొట్టి బోర్డెక్కిన బావ

మా బావ నోట మంచి మాట రాదు. ఇది నింద కాదు, ఆయన వృత్తి. లిఫ్టుల తనిఖీ అధికారిగా ఆయన చేసే పనల్లా ఎక్కడో ఒక లోపం పట్టుకుని, "పనికిరాదు" అని తేల్చి, లిఫ్టు తలుపుకి ఎర్ర చీటీ అంటించి, అందులో ఎక్కబోయిన వాళ్లని మెట్లెక్కించడం. ఉద్యోగంలో అది మంచిదే. లిఫ్టు తీగ తెగేకంటే మోకాళ్లు నొప్పి పుట్టడం నయం. చిక్కల్లా ఏమిటంటే, ఆయన సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు టార్చిలైటు, కొలత టేపు ఆఫీసులో వదిలేస్తాడు గాని ఆ మాటని మాత్రం వెంట తెచ్చుకుంటాడు.

మా అక్క పెట్టిన కాఫీ పనికిరాదు. ఆ కాఫీ తాగుతూ చదివే పేపరు పనికిరాదు. కూర్చున్న కుర్చీకి ఒక కాలు పొట్టి. మా అమ్మాయి పుట్టినప్పుడు అందరూ ఉయ్యాల చుట్టూ చేరి ముక్కు ఎవరిది, కళ్లు ఎవరివి అని మురిసిపోతుంటే, ఆయన అటూ ఇటూ తిరిగి పరీక్షించి, మెడ నిలబడటం లేదని ప్రకటించాడు. అప్పుడే పుట్టిన పిల్లలకి ఎవరికీ మెడ నిలబడదని నర్సు చెప్పింది. అది సాకు అన్నాడు.

నేను లాండ్రీ పెట్టుకున్న రోజున కూడా వచ్చాడు. గుమ్మంలో నిలబడి పైకి చూసి, పేరు రాసిన పలక వంకరగా ఉందనీ, ఈ వీధి మనుషుల వాలకం చూస్తే బట్టలు ఉతికించుకునే రకంలా లేరనీ, మొత్తం మీద పనికిరాదనీ చెప్పి, ఇంకెవరూ మాట్లాడకముందే వెళ్లిపోయాడు. గిరాకీ లేని రోజున ఇస్త్రీపెట్టె ముందు నిలబడి నేను ఇప్పటికీ ఆయన్ని తిట్టుకుంటాను. గిరాకీ ఉన్న రోజున కూడా తిట్టుకుంటాను, కాకపోతే తీరిక తక్కువ.

అలాంటి మనిషికి ఒక సరదా ఉందంటే ఎవరూ నమ్మరు. సెలవు రోజు పొద్దున్నే సముద్రానికి వెళ్తాడు. ప్యాడిల్ బోర్డు అని ఒకటుంటుంది. దాని మీద నిటారుగా నిలబడి, మనిషికంటే పొడుగైన తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ లోపలికి వెళ్లి, అల రాగానే దాని మీద జారుకుంటూ ఒడ్డుకి రావాలి. బావ బోర్డు తలుపంత వెడల్పు, పడవంత పొడుగు. దాని మీద ఆయన కూడలిలో ట్రాఫిక్ పోలీసులా కదలకుండా నిలబడేవాడు. ఎన్నడూ పడేవాడు కాదు. ఒడ్డుకొచ్చాక అల ముందే విరిగిందనీ, గాలి అడ్డంగా ఉందనీ, ఈ సముద్రం మొత్తం పనికిరాదనీ చెప్పి, వచ్చే సెలవుకి మళ్లీ వెళ్లేవాడు. ఆ బోర్డు పట్టే బండి మా ఇంటావంటా నా లాండ్రీ వ్యాను ఒక్కటే. కాబట్టి ఆయన సరదాకి నేను డ్రైవర్ని. ఊళ్లో వాళ్ల దుప్పట్లన్నీ ఉప్పు వాసన రావడానికి కారణం అదీ.

ఆయనకి ఈ విద్య నేర్పింది వాళ్లక్క. నాకు వదిన వరస. ఆవిడ సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉంటూ, ఇంటి వెనక బేకరీ నడిపేది. తెల్లవారకముందే రొట్టెలు పొయ్యిలోంచి తీసి, వాటిని చల్లారబెట్టి, అవి చల్లారేలోగా తన బోర్డుతో నీళ్లలో ఉండేది. ఆవిడ బోర్డు పొట్టిది. అల మీద దాన్ని గిర్రున తిప్పి, పైకెక్కించి, మళ్లీ కిందికి దూకించేది. ఎదురుగా తలుపంత బోర్డు మీద కదలకుండా వస్తున్న తమ్ముణ్ని చూసి, దాని మీద నాలుగు కుర్చీలు వేస్తే భోజనాలు కూడా చెయ్యొచ్చు కదా అని అడిగేది. ఈ భూమ్మీద బావ ఎన్నడూ పనికిరాదనని మనిషి ఆవిడొక్కతే. ఆయన నోరు తెరిచేలోగా ఆవిడే ఆయన్ని తేల్చేసేది.

ఒక పొద్దున పొయ్యి దగ్గర రొట్టెల పళ్లెం పట్టుకున్న చెయ్యి ఆవిడ మాట వినలేదు. పళ్లెం పడింది, తర్వాత ఆవిడ పడింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి ఎడమ చెయ్యి వేలాడుతోంది. ఎడమ కాలు ఈడ్చుకురావాలి. మాట నెమ్మదించింది గాని పదును తగ్గలేదు. పదును ఇంకా పెరిగిందనే చెప్పాలి. పళ్లు పట్టుకుని పరామర్శకొచ్చిన వాళ్లని, చూడటానికి వచ్చారా, టిక్కెట్టు కొన్నారా అని అడిగేది. నడక నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయిని చేతికర్రతో బెదిరించి పంపించేసింది. తన బోర్డుని ఎవరో అడిగితే మొహం కూడా చూడకుండా ఇచ్చేసింది. బేకరీకి తాళం పడింది. సముద్రం వైపు కిటికీకి మందపాటి తెర వేయించి, అటు వీపు పెట్టి పడుకుంది.

మేము వారం వారం వెళ్లేవాళ్లం. ఒక ఆదివారం మా అక్క దిండు సర్దబోతే వదిన చెయ్యి విదిలించి, మంచం అంచున కూర్చున్న తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వు తనిఖీ చేసేవాడివి కదరా. చూసి చెప్పు. నేను పనికొస్తానా?"

పసిపిల్ల మెడ దగ్గర కూడా తడుముకోని మనిషి నోరు తెరిచాడు, మూశాడు. వేలాడుతున్న ఆవిడ చెయ్యి వైపు చూశాడు. తర్వాత లేచి బయటికి నడిచాడు.

"చెప్పక్కర్లేదులే. తెలిసింది," అంది వదిన గోడతో.

దారి పొడుగునా వ్యానులో నేను ఆయనతో మాట్లాడలేదు. ఒక్క అబద్ధం. పనికొస్తావక్కా అని ఒక్క మాట. పోయేదేముంది? జీవితమంతా అడగని వాళ్లకి తీర్పులు చెప్పిన మనిషి, అడిగిన ఒక్క మనిషికి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. మా అక్క వెనక సీట్లో ఇస్త్రీ మూటల మధ్య కూర్చుని ముక్కు చీదుకుంటోంది. ఆయన కిటికీలోంచి చూస్తూ, ఈ రోడ్డు పనికిరాదు అని కూడా అనలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే వ్యాను కావాలన్నాడు. పాత బోర్డు అందులోకెక్కించి బోర్డుల కొట్టుకి తీసుకెళ్లమన్నాడు. కొట్లో ఉన్న బోర్డుల్లో పొట్టిది ఏదో చూపించమని అడిగాడు. కొట్టాయన ముందు బోర్డు వైపు, తర్వాత బావ పొట్ట వైపు చూసి, చాలా మర్యాదగా నచ్చజెప్పబోయాడు. ఇంత పెద్దదాని మీంచి అంత చిన్నదాని మీదికి ఒకేసారి దిగకూడదట. మధ్యలో ఇంకో రెండు సైజులు ఉంటాయి, ఒక్కోదాని మీద కుదురుకున్నాక కిందికి రావాలట. ఈ పొట్టిది మనిషి ఊరికే నిలబడితే మునుగుతుందట. తెడ్డు ఆడుతున్నంతసేపే అది బోర్డు, ఆగితే చెక్కముక్క. పైగా బావ బరువుకి అది చాలదట.

పరిమితికి మించి ఒక్క మనిషి ఎక్కినందుకు ఎన్ని లిఫ్టులు ఆపించాడో ఆ సంగతి నేను ఆయనకి గుర్తుచేశాను. అది లిఫ్టుకి, ఇది సముద్రం అన్నాడు. నన్ను వ్యాను దగ్గరికి పొమ్మని, కొట్టాయనతో చాలాసేపు గుసగుసలాడి, పొట్టి బోర్డు చంకన పెట్టుకుని వచ్చాడు. పాతదాన్ని అక్కడే వదిలేశాడు. అదేం చేస్తారని అడిగితే, ముసలివాళ్ల బల్ల, పనికిరాదు అన్నాడు.

ఇంట్లో గొడవైంది. అక్కడ వదిన ఆ స్థితిలో ఉంటే ఈయనకి కొత్త ఆటవస్తువు కావాల్సొచ్చిందా అని మా అక్క రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన దాన్ని ప్రశాంతతగా భావించాడు. ఇంతలో కొట్టాయన పాత బోర్డు తీసుకెళ్లమని కబురు పెట్టాడు. బావ దాన్ని ఇంటికి తేనివ్వలేదు. నన్ను చెయ్యి వెయ్యనివ్వకుండా తనే వ్యానెక్కించి, సరాసరి వదిన ఇంటికి పోనిమ్మన్నాడు. తలుపు నుంచి మెట్ల దాకా వరండా పొడుగునా దాన్ని అంచు మీద నిలబెట్టి, పైభాగం గోడవైపు తిప్పి, ఇక కదలకుండా తాళ్లతో బిగించాడు.

ఇదేమన్నా గోడౌనా అని లోపల్నుంచి వదిన అరిచింది.

"మా ఇంట్లో చోటు లేదక్కా. ఎలాగూ పనికిరాదు. ఎవరన్నా అడిగితే ఇచ్చెయ్, లేకపోతే పగలగొట్టించెయ్," అన్నాడు గుమ్మం అవతల్నుంచే.

ఆ పైన ఇంకో ఘనకార్యం. ఇంత పొడుగు తీరం ఉండగా, కొత్త బోర్డు నేర్చుకోవడానికి సరిగ్గా వదిన కిటికీకి ఎదురుగా ఉన్న చోటే ఎంచుకున్నాడు. ఆవిడ వదులుకున్నదాన్ని ఆవిడ కళ్లముందే ఆడటం మనిషి చేసే పని కాదని నేను మొహం మీదే అన్నాను. మిగతా చోట్లు పనికిరావు అన్నాడు.

ఇక ఆయన పడటం గురించి చెప్పాలి. మామూలు మనుషులు పడతారు. బావ మునిగేవాడు. బోర్డు మీద నిలబడగానే అది ఆయన్ని మోస్తూనే నీళ్లలోకి దిగిపోయేది. ఒడ్డునుంచి చూస్తే, బోర్డు కనపడక, ఒక అధికారి నీళ్ల మీద నిటారుగా నిలబడి ఎంతో హుందాగా కిందికి వెళ్తున్నట్టు ఉండేది. అచ్చం లిఫ్టులో వెళ్తున్నట్టే. తర్వాత ఒక పక్కకి ఒరిగేవాడు. మరోసారి ఇంకో పక్కకి. అల వస్తే బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకునేది, ఆయన దాని మీంచి గిరికీ కొట్టి తెడ్డుతో సహా మాయమయ్యేవాడు. పైకి లేచి, మొహం మీద నాచు తుడుచుకుని, వెళ్లిపోతున్న అలని వెనక నుంచి గుడ్లురిమి చూసి పనికిరాదు అనేవాడు. అల అయిపోతే గాలి. గాలి అయిపోతే తెడ్డు. చివరికి ఒడ్డున నిలబడ్డ నా నీడ కూడా.

జనం మూగడం మొదలైంది. పొద్దున నడకకొచ్చేవాళ్లు నడక మానేసి చూసేవాళ్లు. కాఫీ బండివాడు బండి అక్కడికి మార్చుకున్నాడు. బావ లిఫ్టు ఆపించడంతో తొమ్మిదో అంతస్తు దాకా మెట్లెక్కిన ఒక అపార్టుమెంటు కార్యదర్శి ఎలా తెలుసుకున్నాడో గాని, భార్యతో వచ్చి, మడత కుర్చీలు వేసుకుని, ఆయన పడ్డప్పుడల్లా తృప్తిగా కాఫీ గుటకేసేవాడు. నాకు సిగ్గుగా ఉండేది. సిగ్గుకంటే ఎక్కువ కోపంగా ఉండేది. పడి పడి ఒళ్లంతా కమిలిపోయి, మోచేతుల మీద తోలు లేచిపోయి, అరవడానికి గొంతు కూడా లేని స్థితిలో వ్యానెక్కి, వచ్చే వారం ఇదే టైముకి రమ్మనేవాడు. ఎందుకింత మొండితనం అని అడిగితే ఉప్పునీళ్లు ఉమ్మేవాడు.

ఒక పొద్దున ఆ కిటికీ తెర కొంచెం పక్కకి జరిగి ఉండటం చూశాను. తర్వాతి వారం సగం జరిగింది. ఆ తర్వాత నా ఫోను మోగింది.

"వాడి కాళ్లు చూడవయ్యా," అంది వదిన. "రెండూ పక్కపక్కన పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఒకటి వెనక్కి పెట్టమను."

నేను నీళ్ల అంచుకి వెళ్లి అరిచాను. అంత దూరం నుంచి ఆవిడకేం కనిపిస్తుంది, ఆ సలహా పనికిరాదు అని అక్కణ్నించి ఆయన అరిచాడు. నేను బుద్ధి లేక ఆ ముక్క పొల్లు పోకుండా ఫోన్లో అప్పజెప్పాను. ఫోను పెట్టేసిన చప్పుడు.

మర్నాడే ఫిజియోథెరపీ అమ్మాయికి కబురు వెళ్లింది. ఇసుకలో నడవాలంటే ఏ కండరం గట్టిపడాలి, ఎన్నాళ్లు పడుతుంది, ఇంకా తొందరగా కాదా అని వదిన అడిగిందట. ఆ అమ్మాయి ఇంత పట్టుదల ఉన్న రోగిని చూడలేదని మా అక్కతో మెచ్చుకుంది. అది పట్టుదల కాదు, తమ్ముణ్ని దగ్గర్నుంచి తిట్టాలన్న ఆరాటం. వరండాలో కట్టేసిన ఆ పెద్ద బోర్డుని పట్టుకుని ఆవిడ తలుపు నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి తలుపు దాకా నడిచేది. నడుస్తున్నంతసేపూ అడ్డంగా పెట్టిపోయినవాణ్ని తిట్టేది. కొన్నాళ్లకి మెట్లు దిగింది. ఇంకొన్నాళ్లకి ఇసుకలోకొచ్చింది. కార్యదర్శి తన భార్యని లేపి ఆ మడత కుర్చీ వదినకిచ్చాడు. ఆవిడ కృతజ్ఞతలు చెప్పలేదు. కూర్చుని, కర్ర ఇసుకలో గుచ్చి, మొదలుపెట్టింది.

"కింద చూడకు, ముందుకి చూడు. మోకాళ్లు వంచు. అది నీ ఆఫీసు కాదు, వంగితే పరువేం పోదు. ఆగకు. తెడ్డు ఆపితే మునుగుతావ్. ఆగకురా అంటే."

బావ వినేవాడు కాదు. వినడం లేదని చూపించుకుంటూ, అవతలి పక్కకి తిరిగి, ఆవిడ చెప్పినట్టే చేసేవాడు. నాలుగు ఊపిర్లు నిలబడేవాడు. తర్వాత మునిగేవాడు.

ఇవన్నీ చూసి వదిన మారిపోయిందని అనుకుంటే పొరపాటు. ఎడమ చెయ్యి రాలేదు, ఇక రాదని డాక్టరు చెప్పాడు. బేకరీ తాళం తియ్యలేదు, ఒంటిచేత్తో పిండి పిసకలేనంది. కొన్ని రోజులు కుర్చీలో కూర్చుని ఒక్క మాట కూడా లేకుండా, అల మీద హాయిగా జారిపోతున్న ఎవరో ముక్కుమొహం తెలియనివాళ్లని చూస్తూ ఉండేది. అప్పుడు ఆవిడ మొహం చూడటం కష్టం. అలాంటి ఒక రోజునే, ఎవరూ అడక్కుండా, ఆ తలుపులాంటిదాన్ని తీసుకురమ్మంది.

నేనూ కాఫీ బండివాడూ కలిసి వరండాలో తాళ్లు విప్పి బోర్డు పైకి లేపాం. నా వేళ్లకి ఏదో తగిలింది. వంగి చూశాను. బోర్డు అంచున వరసగా పట్టుకోవడానికి రబ్బరు పిడులు. నడుమ మోకాళ్లు ఆనించుకోవడానికి మెత్తటి దిండులాంటిది అంటించి ఉంది. ఇన్నేళ్లు ఆ బోర్డు మోసినవాణ్ని నేను, అవి ఎప్పుడూ లేవు. రెండో అంచు తడిమాను. నున్నగా ఉంది. పిడులన్నీ కుడివైపే.

అవి అక్కడికెలా వచ్చాయని బావని అడిగాను. ఆయన సముద్రం వైపు తిరిగి, ఆ కొట్టువాడు ఏదో అంటించాడు, పనికిరాని పని అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆరోజు కొట్లో గుసగుసలూ, బోర్డు అక్కడే వదిలేయడమూ, ఆ మర్నాటి నుంచి నా తిట్లు వింటూ నోరెత్తకపోవడమూ, అన్నీ ఒక్కసారి నా కళ్లముందు తిరిగాయి. ఆ పొట్టి బోర్డు ఆయనకి ఎప్పుడూ అక్కర్లేదు. పెద్దది ఇచ్చేయాలంటే, అది తనకి పనికిరాకుండా పోవాలి. అంతే.

వదినకి లైఫ్ జాకెట్టు తొడుగుతుంటే ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"పిడులు మొదటి రోజే చూశాను. నాకోసం తెచ్చానని ఇచ్చుంటే వాడి మొహాన కొట్టేదాన్ని. చెత్త అని పారేసిపోయాడు కాబట్టి ఉంచుకున్నాను. వాడితో అనకు."

నడుం లోతు నీళ్లలో నేనొక పక్క, వదిన వెంట వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి ఒక పక్క. వదిన బోర్డు మీద మోకాళ్లానించి, కుడిచేత్తో పిడి పట్టుకుంది. మొదటి అలకే పక్కకి దొర్లింది. నీళ్లు మింగింది. పైకి తేలి, మా ఇద్దర్నీ మా పెద్దల్నీ కలిపి తిట్టింది. మళ్లీ ఎక్కించమంది. మళ్లీ పడింది. ఏడుస్తోందో ఉప్పునీళ్లో తెలియలేదు, నేను చూడకూడదని చూడలేదు. ఆ తర్వాత ఒక చిన్న అల, విరిగి నురగై వచ్చేది, బోర్డు వెనక తట్టింది. మేము వదిలేశాం. వదిన నడుం నిటారుగా పెట్టి, తల ఎత్తి, నురగ ముందు ఒడ్డుదాకా వెళ్లింది. బోర్డు ఇసుక మీదికెక్కి ఆగింది. ఆవిడ దిగలేదు. అలాగే మోకాళ్ల మీద కూర్చుని నీళ్లవైపు చూస్తోంది. ఆరోజు మాతో వచ్చిన మా అక్క చెప్పులతోనే నీళ్లలోకి పరిగెత్తింది. కార్యదర్శి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కాఫీ బండివాడు పాలు పొంగిపోతున్నా పట్టించుకోలేదు.

అప్పుడు బావ వచ్చాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి, పొట్టి బోర్డు చంకలో ఉంది. ఆయన మొహం మీద ఇంతకుముందు మేమెవరం చూడనిదేదో ఉంది. దాన్ని నవ్వు అనొచ్చేమో.

"చూశారా?" అన్నాడు.

చూశాం అన్నాం. వదిన ఒడ్డుదాకా వచ్చిందన్నాం.

ఆవిడ కాదు, నేను అన్నాడు. వదిన వెనకే ఇంకో అల వచ్చిందట. పెద్దదట. దాని మీద లేచి నిలబడ్డాడట. మునగలేదట. పక్కకి తిప్పాడట, తిరిగిందట. నిలబడే ఒడ్డుదాకా వచ్చాడట. ఒక్కొక్కళ్ల మొహం చూస్తూ వెళ్లాడు. నేను చూడలేదు. మా అక్క చూడలేదు. ఆయన పతనం కోసం ఇన్ని వారాలుగా కుర్చీ వేసుకు కూర్చున్న కార్యదర్శి కూడా చూడలేదు, ఆ సంగతి ఒప్పుకుంటూ చాలా బాధపడ్డాడు.

చివరికి వాళ్లక్క వైపు తిరిగాడు.

"నేను చూడనిది నమ్మను," అంది వదిన. "మళ్లీ చెయ్."

బావ మమ్మల్నందరినీ ఒకసారి చేదుగా చూసి, బోర్డు తీసుకుని నీళ్లలోకి నడిచాడు. ఈసారి మేమంతా వరసగా నిలబడ్డాం. ఎవరూ పక్కకి చూడలేదు. అల మంచిదే వచ్చింది. ఆయన తెడ్డు ఆపలేదు. లేచాడు, ఒక కాలు వెనక్కి పెట్టాడు, మోకాళ్లు వంచాడు. మేము చూస్తున్నామో లేదోనని మా వైపు తల తిప్పి, పడ్డాడు.